ఊరగాయ సీసాల వెనక

మన ఊళ్ళలో 'వైన్స్' అని పెద్దక్షరాలతో బోర్డు కట్టిన కొట్లో దొరకని వస్తువంటూ ఉంటే అది వైనే. నమ్మకం లేకపోతే వెళ్ళి అడిగి చూడండి. వద్దులెండి, మీకెందుకా శ్రమ, మీ అందరి తరఫునా నేనే అడిగాను.

ఆరేళ్ళ కిందటి మాట. మిట్టమధ్యాహ్నం ఎవరూ ఉండరులే అని, మా కాలనీకి మూడు కాలనీల అవతల ఆటో ఆపించుకుని, పైట నిండుగా కప్పుకుని, ఇనప జాలీ ముందు నిలబడి "బాబూ, వైనుందా?" అన్నాను. ఆ అబ్బాయి నన్నూ, నా చేతిలో కూరల సంచీనీ ఎగాదిగా చూసి "బ్రాందీయా, విస్కీయా మేడమ్?" అన్నాడు. "వైను బాబూ" అన్నాను. "అదే మేడమ్, బ్రాందీయా, విస్కీయా?" అన్నాడు. చివరికి ఎక్కడో అటక మీంచి ఓ సీసా తీసి, దుమ్ము తుడిచి ఇచ్చాడు. దాన్ని తోటకూర కింద దాచి ఇంటికి తెచ్చి రుచి చూస్తే, పిల్లల దగ్గుమందుకి అక్కయ్యలా ఉంది.

ఇంతకీ నాకీ రుచి అంటించింది బెంగుళూరులో ఉన్న నా స్నేహితురాలు. "ఒక్క గుక్క తాగి చూడు. నచ్చకపోతే తులసికోట పక్కనున్న క్రోటను మొక్కకి పోసెయ్" అంది. నచ్చలేదు. ఆ మాట దాచను. కానీ ఇంటికొచ్చిన నాలుగు రోజులకి కూడా ఆ పులుపూ ఆ వాసనా మనసులోంచి పోలేదు. నచ్చని వస్తువు అన్నిసార్లు గుర్తొస్తోందంటే అందులో ఏదో ఉందన్నమాటే. మా వారి విషయంలోనూ నాకు మొదట అలాగే జరిగింది.

నేను బి.ఏ.లో తెలుగు సాహిత్యం చదువుకున్నాను. ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని మా మాస్టారు చెప్పిన పాఠం ఇప్పటికీ గుర్తే. ద్రాక్షపండు నోట్లో పడగానే రసం ఊరుతుంది. అరటిపండు తొక్క ఒలవాలి. కొబ్బరికాయకి పీచు తియ్యాలి, పగలగొట్టాలి, కోరాలి. విశ్వనాథ వారిది నారికేళపాకమని రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళం మేమంతా. ద్రాక్షని పులియబెడితే అది కూడా నారికేళపాకంలోకి మారుతుందని మాత్రం ఆ మాస్టారు చెప్పలేదు.

వైన్ గురించి ఇంగ్లీషు పుస్తకాలు తిరగేస్తే 'టానిన్' అని ఒక మాట పేజీకి నాలుగుసార్లు వస్తుంది. నాలుకని పట్టేసి, నోరు ఎండగట్టే గుణం అట. ఆ గుణాన్ని వర్ణించలేక వాళ్ళు పడే అవస్థ చూస్తే జాలేస్తుంది. మనకా తిప్పలేం లేదు. వగరు! ఒక్క మాట. జామపిందె కొరికినప్పుడు, పచ్చి వక్క నమిలినప్పుడు, నేరేడు పళ్ళు తిని నాలుక చూసుకున్నప్పుడు ఉండేది అదే. ఉగాది పచ్చడి తిని పెరిగినవాళ్ళం, ఆరు రుచులకీ ఆరు పేర్లు పెట్టుకున్నవాళ్ళం. ఎర్ర వైన్‌లో వగరు ద్రాక్ష తొక్కలోంచీ గింజలోంచీ వస్తుంది. తెల్ల వైన్‌కి ముందే రసం పిండి తొక్క తీసేస్తారు గనక అందులో వగరు తక్కువ, పులుపే ఎక్కువ. అంతే, సగం శాస్త్రం అయిపోయింది.

మొదట్లో శనివారం రాత్రికి ఒక గ్లాసు అని నియమం పెట్టుకున్నాను. సీసాకి 750 మిల్లీలీటర్లు, గ్లాసుకి 150. అంటే అయిదు శనివారాలు రావాలి. కానీ మూత తీసిన వైన్ నాలుగైదు రోజుల్లో పులిసిపోతుందని పుస్తకంలో చదివాను. అన్నపానాలు పారబోయడం పాపం కదా! అందుకని శనివారం కాస్తా ఆదివారానికి పాకింది, ఆదివారం సోమవారానికి. శాస్త్రం చదువుకున్నవాళ్ళకి వంకలు కూడా శాస్త్రీయంగానే దొరుకుతాయి. సీసాని మాత్రం ఫ్రిజ్‌లో ఊరగాయ సీసాల వెనక పడుకోబెట్టేదాన్ని. మా వారికి తెలుసు. మా వాడికి తెలుసు. ఆ దాపరికమంతా ఒక్క మనిషి కోసం.

మా అమ్మ.

మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్ళు ఏకమై తమ ఊళ్ళో సారా కొట్టు మూయించారు. రాత్రిళ్ళు అక్షరాస్యత తరగతుల్లో పలకలు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు, పాఠం చదివి ఊరుకోకుండా ఆచరణలో పెట్టారు. ఆ నిప్పు ఊరూరా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకాల్లో లేనిదేమిటంటే, మా ఊరికి సారా ప్యాకెట్లు తెచ్చే జీపుకి అడ్డంగా కూర్చున్న ఆడవాళ్ళలో, చేతిలో చీపురుకట్టతో, మా అమ్మ ఉంది. నాకప్పుడు 13 ఏళ్ళు. చెట్టు చాటున నిలబడి చూశాను.

అమ్మ ఆ జీపు ముందు కూర్చుంది వాళ్ళన్నయ్య కోసం. మా పెద్ద మామయ్యది ముత్యాల్లాంటి చేతిరాత. ఊళ్ళో సగం మందికి ఉత్తరాలు ఆయనే రాసిపెట్టేవాడు. తాగుడుకి ముందు గొడ్లు పోయాయి, తర్వాత రెండెకరాలు, తర్వాత అత్తయ్య మెళ్ళో గొలుసు. ఆఖర్న పెన్ను పట్టుకోలేనంతగా చేతులు వణికేవి. 42వ ఏట పోయాడు. ఆ కొట్టు మూతపడటానికి ఆర్నెల్ల ముందు.

అలాంటి అమ్మకి, నాకు ద్రాక్షరసంలో వగరు ఇష్టమని ఏ నోటితో చెప్పను?

ఇక మా ఇంట్లో ఇంకో పిచ్చి ఉంది, ఆటల పిచ్చి. అది మా వారిదీ, మా వాడిదీ. టీవీలో ఆట అయిపోగానే గెలిచినవాళ్ళు సీసాలు ఊపి ఒకళ్ళమీద ఒకళ్ళు చల్లుకుంటారు చూడండి, అక్కడ మాత్రం నేనూ వచ్చి కూర్చుంటాను. ఆ సీసాలో ఉండేది షాంపేన్, ఫ్రాన్సులో ఆ పేరుగల ప్రాంతంలో చేసే బుడగల వైన్. లోపల గాలి ఒత్తిడి కారు టైర్లో కన్నా రెండుమూడు రెట్లు ఎక్కువ. 1967లో లెమాన్ 24 గంటల కారు పందెంలో గెలిచిన డాన్ గర్నీ అనే అమెరికా ఆయన పట్టలేని సంతోషంతో చుట్టూ ఉన్నవాళ్ళమీద సీసా చల్లేశాడు. అప్పట్నించీ అదో ఆనవాయితీ అయిపోయింది. పండగంటే వసంతాలాడుకోవడం మనకి కొత్త కాదుగానీ, మనం పసుపు నీళ్ళతో సరిపెట్టుకున్నాం.

1983లో లార్డ్స్‌లో మనవాళ్ళు ప్రపంచకప్పు గెలిచిన రోజున మనవాళ్ళ గదిలో ఒక్క షాంపేన్ సీసా కూడా లేదట. గెలుస్తామని ఎవరనుకున్నారు గనక! ఓడిపోయిన వెస్టిండీస్ వాళ్ళ గదిలోంచి తెచ్చుకున్నామని కపిల్ దేవ్ తర్వాత చెప్పుకున్నాడు. ఇంకోటి నాకు మరీ ఇష్టం. 2022 జనవరిలో ఆస్ట్రేలియా వాళ్ళు ఇంగ్లండు మీద సిరీస్ గెలిచి వేదికమీద షాంపేన్ చల్లుకుంటున్నారు. ముస్లిం అయిన ఉస్మాన్ ఖ్వాజా మర్యాదగా పక్కకి తప్పుకున్నాడు. అది చూసి కెప్టెన్ కమిన్స్ చల్లడం ఆపించి, సీసాలు కింద పెట్టించి, అతన్ని మధ్యలోకి పిలిచాడు. సీసా పైకెత్తడం కంటే కింద పెట్టడమే గొప్పగా కనిపించింది నాకు ఆ రోజు.

మా వారు అలాంటప్పుడల్లా ఎత్తేది ఒకటే, సిడ్నీ టెస్టు. 2004 జనవరి. ఆ సిరీస్‌లో సచిన్ ఆఫ్ స్టంపు అవతలి బంతుల్ని డ్రైవ్ చేయబోయి ఔటవుతున్నాడు. సిడ్నీలో ఇక ఆ కవర్ డ్రైవ్ జోలికే పోనని నిర్ణయించుకున్నాడు. చేతకాక కాదు, అది ఆయనకి ప్రాణంతో సమానమైన షాటు. పది గంటలపాటు ఊరిస్తూ వచ్చిన బంతుల్ని ఊరికే వదిలేశాడు. 241 పరుగులు, అదీ ఔటవకుండా. "ఆడటం ఎవడికైనా వస్తుందోయ్, వదిలెయ్యడమే కష్టం" అని మా వారి వ్యాఖ్యానం. ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. అర్థమైంది మాత్రం నిరుడు, నాసిక్‌లో.

నిరుడు ఫిబ్రవరిలో అమ్మని త్రయంబకేశ్వరం తీసుకెళ్ళాం. గోదావరి పుట్టిన బ్రహ్మగిరి కొండ చూడాలని ఆవిడకి ఎప్పట్నించో కోరిక. కుశావర్తంలో స్నానం, స్వామి దర్శనం పొద్దున్నే అయిపోయాయి. త్రయంబకం నుంచి నాసిక్ ముప్ఫై కిలోమీటర్లు లేదు. దార్లోనే, గంగాపూర్ జలాశయం వైపు తిరిగితే, దేశంలోకెల్లా పేరున్న వైన్ ద్రాక్ష తోటలు. ఇక్కడే నా కపటం. "ద్రాక్షతోట చూసిపోదామమ్మా" అన్నాను. అబద్ధం కాదు. సగం నిజం, అంతే.

అమ్మ రైతుబిడ్డ. తోటలోకి అడుగు పెట్టగానే మనిషి మారిపోయింది. కాడి పట్టుకు చూసింది, మట్టి నలిపి చూసింది. "హైదరాబాదు ద్రాక్ష లాగా లేవే, ఇంత చిన్న కాయలా!" అంది. నిజమే. మన అనాబె షాహీ ద్రాక్ష కోలగా, ఇంతేసి లావున ఉండేది. నేను కాలేజీకి వచ్చిన రోజుల్లో హైదరాబాదు చుట్టూ ఆ తోటలుండేవి, ఇప్పుడవి కాలనీలైపోయాయి. వైన్‌కి మాత్రం చిన్న కాయ, మందం తొక్క కావాలి. రంగూ వగరూ అందులోనే ఉంటాయి.

తోట చూపించే మరాఠీ అమ్మాయి హిందీలో చెబుతోంటే నేను అమ్మకి తెలుగులో చెప్పాను. చలిదేశాల్లో మంచు పడితే ద్రాక్షతీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. ఏడాదికోసారి కత్తిరిస్తే చాలు. మన దేశంలో దానికి నిద్రే లేదు. అందుకని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. కోతలయ్యాక ఏప్రిల్‌లో ఒకసారి, వానలు వెనకబట్టాక సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒకసారి. పంట మాత్రం ఒక్కటే, జనవరి నుంచి మార్చి దాకా. నాసిక్ సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలం రాత్రిళ్ళు చల్లగా ఉండబట్టి కాయలో పులుపు నిలుస్తుంది. "రెండుసార్లు కోసి ఒక్క పంటేనా! ఆడపిల్ల బతుకే దీనిదీ" అంది అమ్మ.

నవ్వుకుంటూ లోపలికి నడిచాం. గుమ్మం దాటగానే అమ్మ ఆగిపోయింది. పులిసిన రసం వాసన. నాకది ఇష్టమైన వాసన. ఆవిడకి ముప్ఫై ఏళ్ళ కిందటి వాసన.

"ఏంది పాపా ఇది? సారా కొట్టా?"

"సారా కాదమ్మా, వైను" అన్నాను నీళ్ళు నములుతూ.

"ఊట కాస్తే సారా, కాయకుండా తాగితే ఇదా?"

ఆ ప్రశ్నకి రసాయనశాస్త్రంలో కూడా వేరే జవాబు లేదు. బెల్లం ఊటైనా ద్రాక్ష ఊటైనా పులిసేది ఒకటే తీరు. కాచి ఆవిరి పడితే మత్తు మూడింతలవుతుంది. తేడా అంతే. మా వారు చల్లగా జారుకుని గుమ్మం బయట ఫోన్లో స్కోరు చూసుకోసాగారు. వెళ్ళిపోదాం పదమంటుందనుకున్నాను. అమ్మ మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుంది. "తెచ్చావుగా, చూస్తా" అంది. జీపు ముందు కూర్చున్నప్పుడు కూడా అదే ముఖం.

ఆ అమ్మాయి గ్లాసులు వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో కాఫీ డికాక్షనంత పోసింది. తెల్లకాగితం వెనక పెట్టి రంగు చూడాలి. గ్లాసు తిప్పితే వాసన లేస్తుంది, ముక్కు లోపలికి పెట్టి పీల్చాలి. ఓ గుక్క తీసుకుని, నోటినిండా తిప్పి, కాస్త గాలి పీల్చి, ఉమ్మెయ్యాలి. దానికోసం బల్లమీద నిగనిగలాడే చెంబొకటి పెట్టారు.

పక్కబల్ల దగ్గర గడ్డం నెరిసిన పెద్దమనిషొకాయన ఒక్కో గుక్కా పుక్కిలించి, చెంబులో ఉమ్మి, పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. అమ్మ ఆయన్నే చూస్తోంది.

"డబ్బులిచ్చి ఉమ్ముతా ఉండారే! ఉమ్మేదానికి ఇంత దూరం రావాల్నా?"

నేను అడిగి చెప్పాను. రుచి చూడటమే వృత్తిగా ఉన్నవాళ్ళు రోజుకి ముప్ఫై నలభై రకాలు చూస్తారు. అన్నీ మింగితే పదోదానికే నాలుక మొద్దుబారుతుంది, బుర్ర తిరుగుతుంది. రుచి తెలియాలంటే వదిలెయ్యాలి. ఆ మాట అంటూంటే నాకు సిడ్నీ టెస్టు గుర్తొచ్చింది. గుమ్మం బయటున్న మా వారి వైపు చూశాను. పాపం ఆయనకేం తెలుసు!

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెయ్యి చాపి మొదటి గ్లాసు తీసుకుంది. నా గుండె ఆగినంత పనైంది. పెదవికి తాకించలేదు. నెయ్యి కాగిందో లేదో, ఆవకాయ ఊరిందో లేదో వాసనతోనే చెప్పే ముక్కు అది. ఒక్కసారి పీల్చి, "బుట్టమిరపకాయ కోసినట్టుంది" అంది.

నేను హిందీలో చెప్పగానే ఆ అమ్మాయి కళ్ళు ఇంతలయ్యాయి. అది సోవిన్యో బ్లాంక్ అనే రకం. బుట్టమిరపకాయకి ఆ వాసననిచ్చే పదార్థమేదో అదే ఆ ద్రాక్షలోనూ ఉంటుంది. అది పట్టుకోవడానికి ఆరేళ్ళ నించీ నేను కుస్తీ పడుతున్నాను! చివర్న ఎర్రది, షిరాజ్. అమ్మ వాసన చూసి, "ఎవురో మిరియాలు నూరినట్టుంది, చారుకి" అంది. అదీ నిజమే. మిరియం ఘాటులో ఉండే రోటండోన్ అనే పదార్థం షిరాజ్ తొక్కలో ఉందని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు బయటపెట్టారు. అమ్మకి ఒక్క క్షణం పట్టింది.

"ఆంటీజీ ఇక్కడే ఉండిపోండి, ఉద్యోగం ఇస్తాం" అంది ఆ అమ్మాయి. అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. గ్లాసు బల్లమీద పెట్టి, ఆ నిగనిగలాడే చెంబుని వేలితో ఒకసారి తాకి, నాకు మాత్రం వినపడేట్టు అంది.

"అన్నకి ఈ ఉమ్మేది ఎవురన్నా నేర్పించుంటే..."

వాక్యం పూర్తి చెయ్యలేదు. నేను కూడా పూర్తి చెయ్యను.

హైదరాబాదు వచ్చిన మర్నాడు పొద్దున్న వంటింట్లోకి వెళ్ళేసరికి అమ్మ ఫ్రిజ్ ముందు నిలబడి ఉంది. గోంగూర, మాగాయ, చింతకాయ సీసాలన్నీ పక్కకి జరిపి, నా సీసాని బయటికి తీసింది. సగం ఖాళీగా ఉంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. చీపురు కోసం చూస్తుందేమో అనుకున్నాను, నిజంగా.

అమ్మ ఆ సీసాని ఫ్రిజ్ తలుపు అరలో, పాలప్యాకెట్ల పక్కన, తలుపు తీస్తే మొదట కనబడేచోట పెట్టింది.

"తెలుసా నీకు?" అన్నాను.

"మూడేండ్లబట్టి తెలుసు. వచ్చినప్పుడల్లా చూస్తా ఉండా. మొదట్లో సీసా నెలరోజులుండేది. ఇప్పుడు వారం ఉండటంలా." కొంగుతో చేతులు తుడుచుకుని, "మీ మామ కూడా మొదట్లో గడ్డివాములో దాచేవాడు. దాచింది ఎంత తాగిందీ తనకే తెలీదు పాపా. కనపడేట్టు పెట్టుకో" అని కాఫీ కలుపుకోవడానికి వెళ్ళిపోయింది.

తిట్టలేదు, ఏడవలేదు. మానెయ్యమని కూడా అనలేదు. నా లెక్క నాకు చూపించింది, అంతే. శాస్త్రీయంగా సంపాదించుకున్న నా వంకలన్నీ ఆ కాఫీ పొగతోపాటు ఎగిరిపోయాయి.

ఇప్పుడు మా ఇంట్లో సీసా తలుపు అరలోనే ఉంటోంది. పాలు తీసినప్పుడల్లా దాని ముఖం నేనూ, నా ముఖం అదీ చూసుకుంటాం. శనివారం మళ్ళీ శనివారంగానే ఉంటోంది. అదేమిటో గానీ, ముందు వరసలోకి వచ్చిన దగ్గర్నుంచీ సీసా ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కావడం లేదు. సగంలోనే పులిసిపోతోంది. పారబోస్తే పాపమని దోసకాయ ముక్కల మీద నాలుగు చుక్కలు చల్లుతున్నాను.

మొన్న మా వారు అవి తిని, "బ్రహ్మాండంగా ఉన్నాయోయ్, ఇందులో ఏం వేశావు?" అన్నారు.

"వదిలేసిన బంతి" అన్నాను.